ఉప్పు మీద మూడు సిలువలు: ఒక పాత నోటుబుక్కు యూనికోడ్‌లోకి ఎక్కిన డైరీ

జనవరి 6

ఈ ఏడాది మొదటి పని ప్లాస్టిక్ కవర్లో వచ్చింది. తెచ్చింది గుణదల మాస్టారు. స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు, ఇప్పుడు వాళ్ళ కాథలిక్ విచారణలో (చర్చి పరిధిలో) ఉపదేశిగా, అంటే ఫాదర్లకి సాయంగా మతబోధ చేసేవారిగా ఉంటున్నారు. కవర్లో రెండే వస్తువులు. ఒకటి అట్ట ఊడిన రూళ్ళ నోటుబుక్కు, రెండోది గీతలు పడ్డ సీడీ.

నోటుబుక్కు వాళ్ళ నాన్నగారిది, 1958 నాటిది. ఆయనా ఉపదేశే. అప్పట్లో పూజ లాటిన్‌లో, ఆశీర్వాదాలూ లాటిన్‌లోనే. గురువులు, అంటే ఫాదర్లు, చదువుతుంటే ఏం జరుగుతోందో జనానికి చెప్పాలి కదా, అందుకని తెలుగులో అర్థం రాసుకున్నారట. ఉప్పుకి ఒక ఆశీర్వాదం, నీళ్ళకి ఒకటి, కొత్త ఇంటికి, పొలానికి, విత్తనాలకి ఒక్కోటి. నల్ల సిరాతో రాత, మధ్యమధ్యలో ఎర్ర సిరా. సీడీలో ఉన్నది అదే పుస్తకం. 2004లో ఎవరిచేతో కొట్టించిన పేజ్‌మేకర్ ఫైలు, వెనక ముప్ఫై పేజీల కీర్తనలు అదనం.

వాళ్ళకి కావలసింది 300 కాపీల ప్రింటు, ఫోన్లో చదువుకోవడానికి ఒక ఈపబ్. ఫిబ్రవరి 9న మేరీమాత ఉత్సవాలు మొదలయ్యేలోపు ఇచ్చెయ్యాలి. 9, 10, 11 తేదీల్లో గుణదల కొండ కింద ఎలా ఉంటుందో బెజవాడ వాళ్ళకి చెప్పక్కర్లేదు. 11 దాటాక ఈ పుస్తకం అడిగేవాళ్ళుండరు.

ఒప్పేసుకున్నాను. గవర్నర్‌పేటలో ఇరవై ఏళ్ళుగా డీటీపీ చేస్తున్నదాన్ని, 120 పేజీల పుస్తకానికి నెల ఎందుకు అనుకున్నాను.

జనవరి 8

సీడీ మూడోసారికి చదివింది.

అను అనే పాత తెలుగు ఫాంట్లలో పనిచేసినవాళ్ళకి ఈ బాధ తెలిసిందే. ఆ ఫైల్లో తెలుగు ఉండదు. తెరమీద క కనిపిస్తుంది గానీ, లోపల ఉన్నది వేరే ఏదో ఇంగ్లీషు అక్షరమో గుర్తో. దానికి క బొమ్మ తొడిగేది ఫాంటు. ఫాంటు మారితే అంతా గజిబిజి. అందుకే ఫోన్లోకి పంపాలంటే ముందు కన్వర్టర్‌లో వేసి నిజం తెలుగుగా, అంటే యూనికోడ్‌గా మార్చాలి.

మార్చాను. తెలుగు బాగానే వచ్చింది. కానీ వాక్యాల మధ్యలో అక్కడక్కడ సంబంధం లేని ఒక అక్షరం ఒంటరిగా నిలబడి ఉంది. పాత ఫైలు తెరిచి అదే చోటు చూస్తే ✠ లాంటి బొమ్మ. ఓహో, పెళ్ళికార్డుల్లో పువ్వు పెట్టినట్టు మధ్యలో డిజైన్ పెట్టారు కాబోలు, కన్వర్టర్‌లో చెడిపోయింది అనుకున్నాను. వెతికి తీసెయ్యమని కొట్టాను. 61 చోట్ల తీసేసినట్టు చూపించింది. పేజీలు శుభ్రంగా కనిపించాయి.

జనవరి 10

మాస్టారు ప్రూఫు చూడటానికి వచ్చారు. రెండో పేజీలోనే ఆగిపోయారు.

"సిలువలేవమ్మా?"

"అవి డిజైన్లు కదా మాస్టారూ. కన్వర్షన్‌లో చెత్తగా వచ్చాయని తీసేశాను."

ఆయన ఏమీ అనలేదు. నోటుబుక్కులో ఉప్పు ఆశీర్వాదం పేజీ తీసి నా ముందు పెట్టారు. వాళ్ళ నాన్నగారి తెలుగు: "సజీవ ✠ దేవుని పేర, నిజమైన ✠ దేవుని పేర, పవిత్ర ✠ దేవుని పేర." సిలువలు మూడూ ఎర్ర సిరాలో ఉన్నాయి. మాస్టారు మెల్లగా చదువుతూ ఎర్రగుర్తు వచ్చినప్పుడల్లా కుడిచెయ్యి పైనుంచి కిందికి, ఎడమ నుంచి కుడికి ఆడించారు. మూడుసార్లు.

"ఇక్కడ గురువులు ఉప్పు మీద సిలువ గుర్తు వేస్తారు. గిన్నె పట్టుకునేది మా నాన్న. ఎర్రసిరాలో ఉన్నది చదవడానికి కాదమ్మా, చెయ్యడానికి."

నాకు తల కొట్టేసినట్టయింది. సంగీతం పుస్తకంలో తాళం గుర్తులు తీసేసి, స్వరాలు మాత్రం శుభ్రంగా అచ్చేసినట్టుంది నా పని.

వెళ్ళబోతూ ఇంకో సంగతి చెప్పారు. పాత పూజలో గురువులు ఇలాంటి సిలువలు చాలానే వేసేవారట. 1967లో రోమ్ నుంచి వచ్చిన ఉత్తర్వుతో, పూజ మధ్యలో జరిగే ప్రధాన ప్రార్థనలో ఒక్కటి మాత్రం మిగిలింది. అందుకే ఈ నోటుబుక్కు ఆయనకి అంత ముఖ్యం. ఇప్పటి పుస్తకాల్లో ఈ గుర్తులు ఇన్ని కనపడవు.

జనవరి 11

ముందు ఆ బొమ్మ అసలు ఏమిటో తేల్చుకున్నాను. 2004లో కొట్టినవాళ్ళు ఫాంటుని వింగ్‌డింగ్స్‌కి మార్చి పెద్ద ఎక్స్ కొట్టారు. వింగ్‌డింగ్స్‌లో పెద్ద ఎక్స్ అంటే ✠, దానికి రెండక్షరాల ముందున్న పెద్ద వీ కొడితే ✞. నా కన్వర్టర్ ఫాంటు మారిందని గమనించక ఆ ఎక్స్‌ని కూడా అను అక్షరమే అనుకుని తెలుగులోకి దింపింది. ఫైల్లో మొదట్నుంచీ సిలువ లేదన్నమాట. ఉన్నది ఎక్స్, దానికి తొడిగిన సిలువ బొమ్మ.

ఇప్పుడు నిజం సిలువ కావాలి. యూనికోడ్‌లో ప్రతి గుర్తుకీ ఒక నంబరుంటుంది. అందులో సిలువల కోసం వెతికితే చిన్న సంతే ఉంది. ✝ లాటిన్ సిలువ. ☦ ఆర్థడాక్స్ సిలువ, 2626. ☨ లొరైన్ సిలువ, 2628. ♰, ♱ అని పడమటి, తూర్పు సిరియాక్ సిలువలు, 2670, 2671. ఈ రెండూ సిరియాక్ లిపితోపాటు 1999లో వచ్చాయి. 2014లో వింగ్‌డింగ్స్ బొమ్మల్ని తెచ్చి కలిపినప్పుడు ఇంకొన్ని చేరాయి.

మాకు కావలసిన ✠ నంబరు 2720, పేరు మాల్టా సిలువ. ఇక్కడే తమాషా. మాల్టా సిలువ అంటే నాలుగు చేతులూ చివర్లో చీలి, మొత్తం ఎనిమిది మొనలుండాలి. ఈ బొమ్మలో చేతులు చివరికి వెడల్పవుతాయంతే, చీలవు. ఎందుకిలా అంటే, యూనికోడ్ ఈ గుర్తుని సొంతంగా గీయలేదు. హెర్మన్ జాఫ్ అనే జర్మన్ అక్షరశిల్పి 1978లో చేసిన డింగ్‌బాట్స్ అనే బొమ్మల ఫాంటు నుంచి వరసగా తీసుకుంది. యూనికోడ్ పట్టికలోనే కింద ఒక సంజాయిషీ ఉంది: మాల్టా సిలువకి చరిత్రలో చాలా రూపాలున్నాయి, ఇక్కడున్నది ఫోర్మే అనే సిలువకి దగ్గర అని.

☩ సంగతి ఇంకా విడ్డూరం. 2629, పేరు యెరూషలేము సిలువ. అసలు యెరూషలేము సిలువకి చేతుల మధ్య నాలుగు మూలల్లో నాలుగు బుల్లి సిలువలుంటాయి. ఈ గుర్తులో అవి లేనే లేవు. పైగా దీన్నే పోలిన ఇంకో గుర్తు రసవాదుల చిహ్నాల్లో ఉంది. దాని అర్థం వెనిగర్. పేరు తప్పని తెలిసినా మార్చరు. యూనికోడ్‌లో ఒకసారి పేరు పెడితే అంతే, స్కూలు సర్టిఫికెట్‌లో పడిన పుట్టినరోజులాగ.

మాస్టారికి ఫోన్ చేసి, మీది మాల్టా సిలువ అని ఉంది పర్లేదా అని అడిగాను. "పేరేదైతేనేం, చూస్తే చెయ్యి లేవాలి" అన్నారు. వాళ్ళ పూజ పుస్తకాల్లోనూ ఈ ఆకారమే వాడతారట. 2720 ఖాయం.

జనవరి 13 నుంచి 15

భోగి, సంక్రాంతి, కనుమ. షాపు మూత.

జనవరి 17

వెతుకు, మార్చు అని కొడితే అరగంటలో అయిపోతుందనుకున్నాను. పాత ఫైల్లో సిలువలా కనిపించేవి ✠ ఒక్కటే కావు. కీర్తనల్లో † ఉంది. ముందుమాట చివర బిషప్పుగారి పేరు ముందు + ఉంది. విరాళం ఇచ్చినవాళ్ళ జాబితాలో కొన్ని పేర్ల ముందు మళ్ళీ † ఉంది. 2004లో కొట్టిన మనిషికి ఒక్కోరోజు ఒక్కో మూడ్ ఉన్నట్టుంది, ఆశీర్వాదాల్లో కూడా తొమ్మిది చోట్ల ✠ బదులు † పెట్టేశారు.

పేజీలన్నీ ప్రింటు తీసి, నోటుబుక్కు చూడకుండా, మాస్టార్ని ఒక్కోదానికీ అర్థం చెప్పమన్నాను. కీర్తనల్లో † అంటే సిలువే కాదు. పొడుగు పాదంలో అక్కడ గొంతు కొంచెం దించి ఊపిరి తీసుకోవాలి. పాదం సగంలో ఉన్న చుక్కగుర్తు * దగ్గర పెద్ద విరామం. విరాళాల జాబితాలో † ఉంటే ఆ మనిషి చనిపోయారని. బిషప్పుగారి +, ఆయన సంతకంలో భాగం.

† నంబరు 2020, పేరు డాగర్, అంటే బాకు. పూర్వం గ్రీకు పండితులు హోమర్ కావ్యాల్లో అనుమానమున్న పాదాల పక్కన ఒక గీత గీసేవారు, ఈ బాకు ఆ గీతకి వారసురాలు. సిలువ పోలిక తర్వాత వచ్చి చేరింది. ఈ లెక్కన ఒకే బొమ్మ మా పుస్తకంలో ఒకచోట ఊపిరి, ఇంకోచోట చావు.

ఆకుపచ్చ పెన్నుతో ఊపిరి గుర్తులకి, నల్లపెన్నుతో చనిపోయినవాళ్ళకి, ఎర్రపెన్నుతో ఆశీర్వాదాలకి సున్నాలు చుట్టాం. ఊపిరికీ చావుకీ † అలాగే ఉంచాను. ఆశీర్వాదాల్లో పడిన ఆ తొమ్మిదినీ 2720కి మార్చాను. నేను తీసేసిన 61ని పాత ఫైలు పక్కన పెట్టుకుని ఒక్కోటీ చేత్తో తిరిగి పెట్టాను. వర్డ్‌లో 2720 అని కొట్టి, ఆల్ట్, ఎక్స్ కలిపి నొక్కితే ✠ అవుతుంది. పాతికోది దాటాక వేళ్ళకే గుర్తుండిపోయింది.

మొత్తం 70 సిలువలు. రాసిపెట్టుకున్నాను.

జనవరి 20

ఫోన్ పరీక్ష. దొరికిన ఫోన్లన్నీ వాడాను: నాది, మా అమ్మాయిది, టీ కొట్టు అబ్బాయిది.

ఒక కాపీలో ✠ బదులు ✝ పెట్టి చూశాను, ఫోన్లలో బాగా కనిపిస్తుందేమోనని. కనిపించింది, ఊదారంగు చదరంలో తెల్ల సిలువగా! ✝ ఎమోజీల జాబితాలో కూడా ఉంది కాబట్టి ఫోను దాన్ని బొమ్మగా మార్చేసింది. వెనక కనపడని ఒక సెలెక్టర్ గుర్తు తగిలిస్తే మామూలు అక్షరంలా చూపించాలి గానీ, అన్ని యాప్‌లూ ఆ మాట వినవు. ప్రార్థన మధ్యలో ఊదారంగు బిళ్ళ కనిపిస్తే మాస్టారు ఏమంటారో ఊహించుకుని ఆ కాపీ చెరిపేశాను. ✠ ఎమోజీ కాదు. ఆ గొడవ లేదు.

ఇంకో కాపీలో + పెట్టాను. ఇది ఏ ఫోన్లోనైనా కనిపిస్తుంది, ఫాంటు బెంగే లేదు. కానీ మాస్టారి భార్యగారికి చూపు తక్కువ, ఫోను చదివి వినిపిస్తే వింటారు. చదివే యాప్ ఆన్ చేశాం. "పిత ప్లస్ పుత్ర ప్లస్ పవిత్రాత్మ" అంది. మాస్టారు లెక్కల మాస్టారని యాప్‌కి కూడా తెలిసిపోయింది. అదే యాప్ ✠ని ఏమీ అనకుండా దాటేసింది. ఇక్కడ మాకు కావలసిందీ అదే, గుర్తు చేతికి గానీ నోటికి కాదు.

జనవరి 23

ఫోన్లలో ✠ కనిపిస్తోంది, సరే. కానీ తెలుగు ఫాంట్లలో ఈ గుర్తు సాధారణంగా ఉండదు. లేనప్పుడు ఫోను తన దగ్గరున్న వేరే సింబల్ ఫాంటు నుంచి అరువు తెస్తుంది. అందుకే ఒక ఫోన్లో లావుగా, ఒకదాంట్లో సన్నగా వచ్చింది. నా పాత ఈరీడర్‌లోనైతే ఖాళీ పెట్టె.

అలాంటప్పుడు మనమే ఒక ఫాంటు చేసి ఈపబ్‌లో పెట్టెయ్యాలి. నోటుబుక్కులో ఎర్రసిరా సిలువ ఒకటి స్కాన్ చేశాను. ఉప్పు పేజీలో రెండోది, దాని గీత అన్నిటికంటే తిన్నగా ఉంది. ఫాంట్‌ఫోర్జ్ అనే ఫాంట్లు గీసే ప్రోగ్రాంలో దానిమీద చుక్కలు పెట్టుకుంటూ గీశాను. ఫాంటంతా కలిపి ఒకే ఒక్క గుర్తు.

దాన్ని ఏ నంబరులో పెట్టాలన్న దగ్గర కాస్త ఆశ పుట్టింది. యూనికోడ్‌లో ఎవరికివారు సొంతానికి వాడుకోమని వదిలిన ఖాళీ జాగా ఉంది, 6400 గదులు. వింగ్‌డింగ్స్ బొమ్మల్ని వర్డ్ దాచుకునేదీ అక్కడే. ఇది మాస్టారి నాన్నగారి సిలువ, ప్రపంచంలో ఇంకెక్కడా లేదు, దీనికో సొంత గది ఇస్తే? కానీ రేపు ఎవరైనా ఈ వాక్యం కాపీ చేసి ఇంకోచోట అతికిస్తే వాళ్ళకి కనిపించేది ఖాళీ పెట్టె. మళ్ళీ 2004 ఎక్స్ కథే. అందుకని బొమ్మ ఆయనదే ఉంచి, నంబరు అందరిదీ పెట్టాను. ఫాంటు ఉంటే ఆయన చేతిగీత కనిపిస్తుంది, లేకపోతే మామూలు ✠ కనిపిస్తుంది. ఎలా ఉన్నా సిలువే.

రోజంతా తిన్నది మాత్రం ఎత్తు. ఇంగ్లీషు పెద్దక్షరాల కొలతకి గీస్తే తెలుగు పక్కన సిలువ కుంగినట్టుంది. మన అక్షరాలకి పైన తలకట్టు, కింద వత్తులు, కంటికి నడుము ఇంకెక్కడో ఉంటుంది. 1000 యూనిట్ల చట్రంలో 40 పైకి జరిపాను, చాల్లేదు. 110 జరిపితే గాల్లో తేలింది. 75 దగ్గర కుదిరింది. ఇది లెక్కకి దొరికేది కాదు, దూరంగా నిలబడి కళ్ళు చికిలించి చూడాల్సిందే.

జనవరి 27

సిలువ లైను చివర పడిపోతోంది. "నిజమైన ✠" అని ఒక లైను, కింద లైన్లో "దేవుని". చదివే ఆయన చెయ్యి లేపి తర్వాత మాట వెతుక్కోవాలి. సిలువకీ దాని తర్వాతి మాటకీ మధ్య విడిపోని ఖాళీ పెట్టాను, మామూలు స్పేసులాగే ఉంటుంది గానీ లైను అక్కడ విరగదు. ఇప్పుడు సిలువా మాటా కలిసే కిందికి దిగుతాయి.

నాలుగు చోట్ల ఇదీ కుదరలేదు. మాట మధ్యలోనే సిలువ: "ఆశీర్వ✠దించుగాక". తప్పేమో అనుకున్నాను. కాదట. లాటిన్ పుస్తకాల్లో బెనెదికాత్ అనే మాటని బెనె దగ్గర విరిచి సిలువ పెడతారు. ఆ మాట పలుకుతూండగానే చెయ్యి ఆడాలని. నాన్నగారు అది చూసి తెలుగులోనూ అలాగే పెట్టారు. ఆయన జాగ్రత్త చూడండి, ర్వ అనే సంయుక్తం పూర్తయ్యాకే సిలువ పెట్టారు. పొల్లుకీ వకారానికీ మధ్య పెట్టుంటే యూనికోడ్‌లో వత్తు ఊడిపోయి ర్ వేరు, వ వేరు అయ్యేవి. అప్పటికి యూనికోడ్ లేదు. ఆయన చెవికి తెలుసు.

ఇబ్బంది ఏమిటంటే ఫోన్లో "ఆశీర్వదించుగాక" అని వెతికితే ఈ నాలుగూ దొరకవు. సిలువని మాట ముందుకి జరుపుదామా అన్నాను. మాస్టారు ఒప్పుకోలేదు. "వెతుక్కునేవాడికి మిగతా చోట్లున్నాయిగా" అన్నారు. అలాగే వదిలేశాను.

రాత్రి దీనిమీదే చదువుతుంటే ఇంకోటి దొరికింది. మాట మధ్యలో సిలువ పెట్టడం చాలా పాతది. రెండు, మూడు శతాబ్దాల నాటి గ్రీకు పపైరస్ సువార్త ప్రతుల్లో, సిలువ అనే మాట రాసేటప్పుడు అందులోని తౌ, రో అక్షరాల్ని ఒకదానిమీద ఒకటి ఎక్కించి రాశారు. చూస్తే కొయ్యకి వేలాడే మనిషిలా ఉంటుంది. ఆ గుర్తుకీ యూనికోడ్‌లో చోటుంది, 2014లో వచ్చింది. మన క, ✠ లాంటివి ఫైల్లో మూడేసి బైట్లు తీసుకుంటే దానికి నాలుగు కావాలి. మా పుస్తకంలో దాని అవసరం లేదు. ఊరికే రాసిపెట్టుకుంటున్నాను.

జనవరి 31

మాస్టారి మనవడు ఉత్త టెక్స్ట్ ఫైలు కావాలన్నాడు. పంపాను. సిలువ ఉన్న చోటల్లా టోపీ పెట్టుకున్న ఏ, పక్కన ఓ, ఈ అతుక్కుపోయిన ఒక అక్షరం, తర్వాత ఖాళీ కనిపిస్తున్నాయని స్క్రీన్‌షాట్ పెట్టాడు. తెలుగు సంగతి చెప్పనే అక్కర్లేదు. యూనికోడ్‌ని ఫైల్లో బైట్లుగా రాసే పద్ధతి యూటీఎఫ్ 8. అందులో ✠ అంటే 226, 156, 160 అనే మూడు బైట్లు. అతని ప్రోగ్రాం ఒక్కో బైటునీ ఒక్కో పాశ్చాత్య అక్షరం అనుకుంది. తెరిచేటప్పుడు యూటీఎఫ్ 8 ఎంచుకోమన్నాను. సరిపోయింది. ఫైలు చెడిందని అమ్మమ్మకి కూడా చెప్పేశాడట, టెన్షన్ పడిపోయారు ఇంట్లో అందరూ.

ఫిబ్రవరి 4

ఇన్‌డిజైన్‌లో పేజీలు కట్టి ప్రింటుకిచ్చాను. రెండు రంగులంటే ఖర్చు ఎక్కువ, పుస్తకంలో సిలువలన్నీ నలుపే. ఈపబ్‌లో ఎర్రగా పెట్టాను, అక్కడ రంగు ఊరికే వస్తుంది. పీడీఎఫ్ నుంచి ఉప్పు ఆశీర్వాదం కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో వేస్తే సిలువలు సిలువలుగానే వచ్చాయి.

ఫిబ్రవరి 7

300 కాపీలు కట్టలుగా కౌంటర్ మీద ఉన్నాయి. మాస్టారు ఒకటి తీసి, నోటుబుక్కు పక్కన పెట్టుకుని, వేలు పెట్టి చదవడం మొదలుపెట్టారు. ఉప్పు అయింది. నీళ్ళు అయ్యాయి. కొత్త ఇంటి ఆశీర్వాదం దగ్గర చెయ్యి లేచింది, వేలు పుస్తకం మీదే ఆగిపోయింది.

"ఇక్కడ ఒకటి తగ్గిందమ్మా."

నా లెక్క 70. పేజీలన్నీ మళ్ళీ లెక్కబెట్టాను, 70 ఉన్నాయి. అప్పుడు నోటుబుక్కు లెక్కబెట్టాం. 71. గడప మీద వేసే సిలువ 2004లో కొట్టినప్పుడే జారిపోయింది. నేను పాత ఫైలుతో సరిచూశాను గానీ నోటుబుక్కుతో చూడలేదు. మాస్టారికి చూపించినప్పుడు కూడా నోటుబుక్కు మూసే ఉంచాను.

ఈపబ్‌లో రెండు నిమిషాల పని. పుస్తకాలకి ఏం చేస్తాం? మాస్టారు ఎదురు కొట్లోంచి రెండు ఎర్రపెన్నులు తెచ్చారు. 44వ పేజీ తెరవడం, "గడప" ముందు సిలువ గీయడం, ఆరాక మూయడం. చెరో 150. రాత్రి తొమ్మిదిన్నర అయింది. నేను గీసిన మొదటి ఇరవై ప్లస్ గుర్తుల్లా వచ్చాయి, వాటిని మాస్టారు చివర్లు వెడల్పు చేసి సరిదిద్దారు.

ఫైల్లో ఇంకో మార్పు: 44వ పేజీ, మూడో లైను, 2720. లెక్క 71.